సవరణ: గొర్రెలు క్లోవర్‌నే తింటాయన్న మాట గురించి

పప్పుజాతి, గడ్డిజాతి మేతలు పక్కపక్కనే ఉంటే గొర్రెలు గడ్డిని ముట్టవని కిందటి వ్యాసంలో రాశాను. అది తప్పు. బ్రిటన్‌లో పప్పుజాతి మేత అయిన తెల్ల క్లోవర్‌ను, గడ్డిజాతి మేత అయిన రైగ్రాస్‌ను వేర్వేరు పట్టీలుగా పెంచి గొర్రెలను స్వేచ్ఛగా వదిలిన ప్రయోగాల్లో అవి తిన్న మేతలో సుమారు 70 శాతం క్లోవర్ కాగా, మిగిలినది గడ్డే. క్లోవర్ మీద మక్కువ ఉన్నమాట నిజమే కానీ, అది పూర్తి మక్కువ కాదు.

ఇంకో ముఖ్య విషయం వదిలేశాను. ఉదయం క్లోవర్ వైపు ఎక్కువగా మొగ్గే గొర్రెలు పొద్దు వాలేకొద్దీ గడ్డి వాటా పెంచుకుంటాయి. పీచు ఎక్కువగా ఉండి నెమ్మదిగా అరిగే గడ్డి రాత్రంతా పెద్దపొట్టను నిండుగా ఉంచుతుందన్నది దీనికి చెప్పే కారణాల్లో ఒకటి. నాకు అదే సబబుగా తోస్తుంది, అయినా చర్చ ముగిసిందనలేం. అంతకుముందు ఒకే మేత మీద ఉన్న మంద మొదట్లో రెండోదానికి ఎగబడుతుంది కాబట్టి, తొలి రోజుల్లో చూసినదాన్ని బట్టి ఇష్టాన్ని తేల్చకూడదు (నా పొరపాటు సరిగ్గా ఇక్కడే జరిగింది).

పప్పుజాతి మేతలన్నీ కడుపుబ్బరం తెస్తాయన్న వాక్యాన్నీ ఉపసంహరించుకుంటున్నాను. క్లోవర్, లూసర్న్‌లతో ఆ ప్రమాదం ఉంది. టానిన్లు (వగరు పదార్థాలు) గల సైన్‌ఫాయిన్ వంటివాటితో లేదు. పై అంకెలను మన అలసంద, స్టైలో మేతలకు యథాతథంగా అన్వయించవద్దని మనవి.