లెక్కలు రాకముందే ఫిజిక్స్: ఇంటర్‌లో నేల విడిచి సాము

ఇంటర్‌లో చేరడానికి పదో తరగతి పాసైతే చాలు. ఎంపీసీనా, బైపీసీనా అని అడుగుతారే తప్ప కోణాన్ని కొలిచే రేడియన్ అనే మాట విన్నావా, గ్రాఫులో వాలు చూసి ఏం చెప్పగలవు అని ఏ కాలేజీలోనూ అడగరు. అడగకపోయినా ఫర్వాలేదు, నేర్పితే చాలు. కానీ చేరిన నెల తిరక్కుండానే ఫిజిక్స్ లెక్చరర్ బోర్డు మీద ‘డీఎక్స్ బై డీటీ’ అని రాస్తారు. ఆ గుర్తుకు అర్థం చెప్పాల్సిన లెక్కల లెక్చరర్ పక్క పీరియడ్‌లో బిందుపథం (లోకస్) మొదలుపెట్టి ఉంటారు. ఆ గుర్తు వెనకున్న అవకలనం (డిఫరెన్షియేషన్, ఏదైనా ఎంత చొప్పున మారుతోందో చెప్పే లెక్క) ఆయన పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం.

టైమ్‌టేబుల్ వేసినవారిని అని లాభం లేదు, లోపం సిలబస్ వరసలోనే ఉంది. ఫిజిక్స్‌లో మార్కులు రాలేదంటే పిల్లలకు శ్రద్ధ లేదంటాం, సెల్‌ఫోన్లంటాం, లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయంటాం. అన్నీ నిజమే కావచ్చు. అవన్నీ రేపు సరిపోయినా, ఏ పాఠం ముందు రావాలో ఏది తర్వాత రావాలో చూసుకునేవారు లేనంతవరకు ఈ సబ్జెక్టు బట్టీయం దగ్గరే ఆగిపోతుంది.

తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాల వరస (ఆంధ్రప్రదేశ్ మొదటి ఏడాదికి 2025-26లో దీన్ని వదిలి కేంద్ర పాఠ్యపుస్తక సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వైపు మళ్లింది) ఒకసారి చూడండి. గణితం 1ఎలో ప్రమేయాలు, గణితానుగమనం, మాత్రికలు అయ్యాక నాలుగు, ఐదు అధ్యాయాల్లో సదిశలు (వెక్టర్లు) వస్తాయి. 1బిలో బిందుపథం, అక్షాల పరివర్తన, సరళరేఖ, సరళరేఖాయుగ్మాలు, త్రిపరిమాణ జ్యామితి, దిక్ కొసైన్‌లు, తలం... ఇవన్నీ దాటితే ఎనిమిదిలో అవధులు, తొమ్మిదిలో అవకలనాలు, పదిలో వాటి అనువర్తనాలు. ఇక సమాకలనం (ఇంటిగ్రేషన్) రెండో సంవత్సరంలో, 2బిలో, వృత్తాలూ శాంకవాలూ అయ్యాకే. ఫిజిక్స్‌కు మొదటి ఏడాది మూడో అధ్యాయంలోనే అవకలనం కావాలి, నాలుగులో సదిశలు కావాలి. ఆరో అధ్యాయంలో చరబలం చేసిన పని, ఏడులో జడత్వ భ్రామకం, తొమ్మిదిలో గురుత్వ స్థితిశక్తి, ఉష్ణగతిక శాస్త్రంలో సమోష్ణోగ్రత పని, అన్నింటికీ సమాకలనం కావాలి. అంటే కుర్రాడు ఏడాది ముందే వాడేసిన పనిముట్టు పేరు ఆ మరుసటి ఏడాది తెలుసుకుంటాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నది ఇలాంటి చోటే.

దీనివల్ల పిల్లవాడు ఎక్కడ బోల్తా పడతాడో ఒక చిన్న లెక్కతో చూద్దాం. నిశ్చల స్థితి నుంచి బయల్దేరిన వస్తువు త్వరణం ‘6 టీ’, అంటే కాలంతో పాటు పెరుగుతోంది. 2 సెకన్ల తర్వాత వేగమెంత? తొమ్మిదో తరగతి నుంచి నోట్లో నానుతున్న సూత్రం ‘వి ఈజ్ ఈక్వల్ టు యు ప్లస్ ఏటీ’. రెండో సెకనులో త్వరణం 12 కాబట్టి 12ను 2తో గుణించి 24 అని రాసేస్తాడు. అసలు జవాబు 12. దూరం కూడా అంతే, సూత్రం ప్రకారం వేస్తే 24 మీటర్లు వస్తుంది, నిజానికి వెళ్లింది 8 మీటర్లే. తొమ్మిదో తరగతి చలన సూత్రాలు మూడూ త్వరణం మారనప్పుడే పనికొస్తాయని పుస్తకంలో ఉంది, లెక్చరర్ కూడా చెప్పే ఉంటారు. కానీ త్వరణం మారితే మరేం చేయాలో తెలియనివాడికి ఆ షరతు గుర్తుండదు. చేతిలో ఉన్నది అదొక్కటే కాబట్టి అదే వాడతాడు.

కోణాల సంగతీ ఇంతే. పదో తరగతిలో సైన్, కాస్ విలువలు డిగ్రీల్లోనే నేర్చుకుంటారు. లఘులోలకం దగ్గరికి వచ్చేసరికి ‘కోణం చిన్నదైతే సైన్ తీటా, తీటా దాదాపు సమానం’ అని ఒక్క వాక్యంలో దాటేస్తారు. 5 డిగ్రీలకు సైన్ విలువ 0.0872. అదే 5 డిగ్రీలు రేడియన్లలో 0.0873. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే విషయం పది నిమిషాల్లో తేలిపోతుంది. చూపించకపోతే తీటా స్థానంలో 5 వేసి, సైన్ విలువ 5 అని రాసి, అది 1 దాటకూడదన్న అనుమానం కూడా రాకుండా తర్వాతి మెట్టుకు వెళ్లేవాళ్లే ఎక్కువ.

ఎంపీసీ పిల్లలకు ఆలస్యంగానైనా లెక్కలు వస్తాయి. బైపీసీకి ఆ భాగ్యమూ లేదు. వాళ్ల టైమ్‌టేబుల్‌లో గణితం పీరియడ్ అనేదే ఉండదు. ఫిజిక్స్ పుస్తకం మాత్రం అదే, ప్రశ్నపత్రమూ అదే. నీట్‌లో 720 మార్కులకు 180 ఫిజిక్సే. ఎంసెట్ నుంచి ఈఏపీసెట్ దాకా పేరు మారిందేమో గానీ, బైపీసీ వాళ్లకు అందులోనూ 160 ప్రశ్నల్లో 40 ఫిజిక్స్. ‘లెక్కలంటే భయం, అందుకే బైపీసీ’ అని ఇంట్లోవాళ్లు తేలిగ్గా అనేస్తారు. లెక్కల భయంతో వచ్చిన పిల్లని లెక్కల పీరియడ్ లేని గదిలో కూర్చోబెట్టి, లెక్కలతో నిండిన ఫిజిక్స్ చేతికిచ్చి, రాలేదేమని అడుగుతున్నాం. సరళ హరాత్మక చలనంలో (లోలకంలా అటూ ఇటూ ఊగే చలనంలో) వేగం ఎక్కడ గరిష్ఠమో ఆ పిల్లకు తెలియదని కాదు. సైన్‌ను అవకలనం చేస్తే కాస్ వస్తుందని ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే పలాయన వేగం ఉత్పాదన, లోలకం ఆవర్తన కాలం లాంటి పెద్ద ప్రశ్నలను పద్యాల్లా అప్పజెబుతుంది. బోర్డు పరీక్షలో గట్టెక్కుతుంది. నీట్‌లో అదే విషయాన్ని కొంచెం పక్కకి తిప్పి అడిగితే చేతులెత్తేస్తుంది.

జువాలజీ, బోటనీ కూడా లెక్కల నుంచి తప్పించుకోలేదు సుమా. మెండెల్ 9:3:3:1 అనేది 3:1ను 3:1తో గుణించగా వచ్చిందే. హార్డీ-వీన్‌బర్గ్ సూత్రం ద్విపద వర్గమే. కాకపోతే అక్కడ గళ్లు గీసి లెక్కపెట్టుకుని బయటపడొచ్చు.

కెమిస్ట్రీలో ఇదే జబ్బు లాగరిథం రూపంలో వస్తుంది. 0.002 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ (ఆమ్లం గాఢత పెరిగేకొద్దీ తగ్గే కొలత) ఎంత? 3 నుంచి 0.3010 తీసేస్తే 2.7. లాగ్ నియమాలు రానివాడు తీసేయాల్సింది కలిపేసి 3.3 అంటాడు. 0.001 మోలార్ ఆమ్లానికి పీహెచ్ 3 అయితే, దానికంటే గాఢమైన ఆమ్లానికి పీహెచ్ ఎలా పెరుగుతుందన్న ప్రశ్న కూడా అతనికి తట్టదు. నెర్న్‌స్ట్ సమీకరణం, ప్రథమ క్రమాంక చర్యలు, అరీనియస్ సమీకరణం, అన్నీ లాగ్ మీదే నడుస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో తయారైన పదో తరగతి గణితంలో వాస్తవ సంఖ్యల అధ్యాయంలో లాగరిథమ్స్ ఉండేవి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి గణితంలో లేవు. ఆంధ్రప్రదేశ్ 2024-25లో పదో తరగతికి, 2025-26లో ఇంటర్ మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ బాట పట్టింది. జాతీయ పరీక్షలకు అదే మేలని అందరూ చప్పట్లు కొట్టారు. ఎన్‌సీఈఆర్‌టీ వరసలో లాగరిథమ్ ప్రమేయం పన్నెండో తరగతి గణితం ఐదో అధ్యాయంలో పలకరిస్తుంది, పీహెచ్ పదకొండులోనే వచ్చేస్తుంది. సదిశ బీజగణితం కూడా అక్కడ పన్నెండో తరగతి పదో అధ్యాయమే. మన పాత ఇంటర్‌లో కనీసం మొదటి ఏడాదే సదిశలు వచ్చేవి. ఎన్‌సీఈఆర్‌టీ వరసను యథాతథంగా దించుకుంటే ఆ కాస్త మేలూ పోతుంది. సిలబస్ మార్చినప్పుడు ఏం తీశాం, ఏం పెట్టాం అని చూస్తారు. తీసిన దాని మీద ఏ పాఠం నిలబడి ఉందో చూడరు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి నుంచి ఆవర్తన పట్టిక తీసేసినప్పుడు దేశమంతా గొడవైంది. లాగరిథమ్స్ పోతే ఒక్కరూ నోరు మెదపలేదు.

దీనికొక జవాబుంది, కొట్టిపారేయదగింది కూడా కాదు. ఫిజిక్స్ పుస్తకమే తనకు కావాల్సిన లెక్కలు తాను చెప్పుకుంటుంది కదా, న్యూటన్ కలన గణితం కనిపెట్టిందే చలనం కోసం కదా అంటారు. నిజం. స్థానం ‘0.08 టీ క్యూబ్’ అయినప్పుడు నాలుగో సెకను దగ్గర కాలవ్యవధిని 2 సెకన్ల నుంచి సెకనులో నూరో వంతు దాకా కుదిస్తూ వేగం 3.84 దగ్గర ఎలా నిలుస్తుందో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ఫిజిక్స్‌లో పట్టిక వేసి మరీ చూపించారు. చాలా మంచి పట్టిక. అయితే పరీక్షలో రాదు గనక క్లాసులో దాన్ని ఆనుకుని కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. ఇక లెక్చరర్ సొంతంగా మొదటి వారం ‘బేసిక్ మ్యాథ్స్’ చెప్పినా, సర్కారు కాలేజీల్లో అడ్మిషన్ల గడువు పొడిగించడం ఏటా జరిగే తంతే. ఆలస్యంగా చేరిన పిల్లలకు ఆ వారం దక్కదు.

మరి ఏం చేయాలి? పిల్లల్ని గేటు దగ్గర ఆపమని నేను అనడం లేదు. పదో తరగతి మార్కులు చూసి ఫిజిక్స్ ఇవ్వొద్దంటే నష్టపోయేది పల్లె పిల్లలే. అమెరికాలోని మనవాళ్లకు తెలిసిన పద్ధతి ఒకటుంది. అక్కడ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సులు) ఫిజిక్స్-1కు జ్యామితి అయిపోయి, ఆల్జీబ్రా-2 నడుస్తుంటే చాలంటారు. ఫిజిక్స్-సికి కలన గణితం పూర్తయి ఉండాలి, లేదా పక్కనే చదువుతూ ఉండాలి. కోర్సు పేరు కిందే ఆ మాట రాసి ఉంటుంది. మన బోర్డు సిలబస్ పీడీఎఫ్‌లో ప్రతి అధ్యాయం పక్కన ‘దీనికి ముందు ఇవి అయిపోవాలి’ అని ఒక గడి చేరిస్తే పైసా ఖర్చు ఉండదు.

వరస మార్పు కూడా అంత బ్రహ్మవిద్యేమీ కాదు. 1బిలో సరళరేఖ కాగానే నేరుగా అవధులు, అవకలనానికి వెళ్లొచ్చు. సరళరేఖాయుగ్మాలు, తలం వెనక్కి జరిగితే మునిగేదేమీ లేదు, అవకలనం వాటి మీద ఆధారపడదు. 1ఎలో ఒక చిక్కుంది. సదిశా లబ్ధాన్ని నిర్ధారకం (డిటర్మినెంట్) రూపంలో రాస్తారు కాబట్టి మాత్రికలు ముందుండాలని వాదిస్తారు. 3 అడ్డ, 3 నిలువు వరుసల నిర్ధారకాన్ని విస్తరించడం రెండు పీరియడ్ల పని, దానికోసం 22 మార్కుల మాత్రికల అధ్యాయం మొత్తం మోయక్కర్లేదు. ఫిజిక్స్ లెక్చరర్ ఈలోగా కొలతలు, పదార్థాల ఉష్ణ ధర్మాలు, యంగ్ గుణకం, ప్రవాహుల్లో పీడనం వరకు చెప్పొచ్చు. నిష్పత్తులు, ఏకఘాత సమీకరణాలు వస్తే చాలు అవి నడుస్తాయి. శక్తి నిత్యత్వం లేకుండా బెర్నౌలీ సూత్రం ముట్టుకోకూడదు, దాన్ని తర్వాతకు పెట్టుకోవాలి. ఆ పాఠాలయ్యేసరికి అవకలనం, సదిశలు వచ్చి ఉంటాయి, అప్పుడు చలనం మొదలుపెట్టాలి.

బైపీసీకి 30 పీరియడ్లు కావాలి. వాలు, గ్రాఫులకు 4. రేడియన్లు, చిన్న కోణాలకు 3. సైన్, కాస్ వక్రాలకు 3. లాగరిథమ్స్‌కు 4. సదిశల విభజన, రెండు లబ్ధాలకు 6. వాలుగా అవకలనం, ఘాత నియమం, సైన్, కాస్ వరకు 6. వైశాల్యంగా సమాకలనానికి 4. రోజుకొకటి చొప్పున వారానికి ఆరు రోజులు చెబితే ఐదు వారాల్లో అయిపోతుంది. నిరూపణలు అక్కర్లేదు, గొలుసు నియమం అక్కర్లేదు. ఒక్క షరతు మాత్రం ఉంది. పరీక్షలో లేనిది మన దగ్గర పాఠమే కాదు కాబట్టి, ఫిజిక్స్ పేపర్లోని రెండు మార్కుల ప్రశ్నల్లో రెండు దీని నుంచి ఇవ్వాలి. ఆ నాలుగు మార్కులు లేకపోతే ఈ 30 పీరియడ్లు ఆగస్టుకల్లా బోటనీ రివిజన్ అయిపోతాయి.

ఇంత తేలికైతే ఇన్నేళ్లుగా ఎందుకు జరగలేదు? పదో తరగతి పుస్తకం రాసేది రాష్ట్ర విద్యా పరిశోధన సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ. పరీక్ష పెట్టేది ప్రభుత్వ పరీక్షల విభాగం. ఇంటర్‌కు 1971 నుంచీ వేరే బోర్డు, వేరే డైరెక్టరేట్, వేరే సిబ్బంది. ఇటు స్కూల్ అసిస్టెంట్, అటు జూనియర్ లెక్చరర్. వాళ్లిద్దరూ ఒక శిక్షణ తరగతిలో పక్కపక్కన కూర్చునే అవకాశమే లేదు. సీబీఎస్ఈలో తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఒకటే బోర్డు. అక్కడా ఈ వరస లోపాలున్నాయి గానీ కనీసం నిలదీయడానికి ఒక చిరునామా ఉంది. మన దగ్గర తెలంగాణలో పదో తరగతి సైన్సులోనే క్వాంటం సంఖ్యలు, సంకరీకరణం చెప్పేస్తారు, ఇంటర్‌లో మళ్లీ అవే మొదటి నుంచి చెబుతారు. కావాల్సింది మాత్రం ఎక్కడా చెప్పరు. ఒకే పాఠం రెండుసార్లు, అవసరమైంది సున్నాసార్లు, గోడకు ఇటొక ఆఫీసు అటొక ఆఫీసు ఉంటే జరిగేది ఇదే. రెండు రాష్ట్రాల్లోని గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఆరు నుంచి ఇంటర్ దాకా ఒకే ప్రాంగణంలో చదువు నడుస్తోంది. గది ఒక్కటైంది, పుస్తకం వేయించే చెయ్యి ఒక్కటి కాలేదు.

ఆ గోడ దగ్గరే భాష కూడా తెగిపోతుంది. తెలుగు మీడియంలో ‘ద్రవ్యవేగం’ బాగానే నేర్చుకున్న పిల్లవాడికి ఇంటర్ ఇంగ్లిష్ మీడియంలో ‘మొమెంటమ్’ కొత్త పాఠంలా ఎదురవుతుంది. పైగా పుస్తకంలో స్పీడ్‌కు వడి, వెలాసిటీకి వేగం అన్నారు. బజార్లో రెండింటికీ వేగమే. ఈ నాలుగు మాటలనూ ఒకే బోర్డు మీద రాసి చూపే తొలి పీరియడ్ ఒకటి కావాలి, పైన చెప్పిన 30కి అది అదనం.

ఏ కోర్సుకు ఏ పునాది కావాలో తెలియనివాళ్లు లేరు. కార్పొరేట్ కాలేజీలు పదో తరగతి పరీక్షలవగానే వేసవిలో బ్రిడ్జ్ కోర్సు పెట్టి సరిగ్గా ఈ సదిశలు, లాగరిథమ్స్, అవకలనమే చెబుతాయి, ఫీజు తీసుకునే చెబుతాయి. సర్కారు కాలేజీలో ఆ పిల్లలతోనే పోటీ పడాల్సినవాళ్లు జూన్‌లో వచ్చి ‘డీఎక్స్ బై డీటీ’లో పైనా కిందా ఉన్న ‘డీ’లను కొట్టేస్తుంటారు. వచ్చే ఏడాది అకడమిక్ క్యాలెండర్‌లో మొదటి ఐదు వారాల ఎదురుగా రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ ఏం రాస్తాయో చూడాలి.