డాక్టరు గారు నడిపిన బండి

విజయనగరం జిల్లాలో డాక్టర్ల కొరత ఉందని పత్రికల్లో చదివి ఇన్నాళ్లూ నమ్మాను. కొరత లేదు. కావలసినంతమంది ఉన్నారు. ఆసుపత్రుల్లో వెతకడం మన పొరపాటు. పాత కార్లు అమ్మే షెడ్లకు వెళ్లి చూడాలి. మూడు వారాల్లో విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ కలిపి పదకొండు కార్లు చూశాను. పదకొండూ డాక్టరు గారి బండ్లే. ప్రతి బండికీ ఒక్కరే యజమాని. ఆ పదకొండు మందిలో ఏ ఒక్కరూ ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి తప్ప మరో చోటికి బండి తీసి ఎరుగరు. పెళ్లిళ్లకు వెళ్లరు. పైడితల్లి సిరిమానోత్సవానికి వెళ్లరు. అత్తవారింటికైనా వెళ్లరు. ఇంత నిష్ఠగా రోజూ ఆసుపత్రికి బయలుదేరే ఈ మహానుభావులు దారిలో ఎక్కడ తప్పిపోతున్నారో గానీ, సాలూరు అవతల కొండల మీది నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే వేళకు మాత్రం ఒక్కరూ కనిపించరు.

నేను అడిగింది గొప్ప బండి కాదు. మూడున్నర లక్షల లోపు, చేత్తో గేర్లు వేసుకునే మామూలు పెట్రోలు కారు. మా అత్తవారిది ఒడిశాలోని కొరాపుట్. విజయనగరం నుంచి 26వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని, సాలూరు దాటి, ఘాట్ రోడ్డు ఎక్కి దిగాలి. ఎక్కడం ఏ బండైనా ఏడుస్తూనో మూలుగుతూనో ఎక్కుతుంది. దిగడంలోనే ఉంది సంగతి. రెండో గేరులో వేసి వదిలితే ఇంజనే బండిని పట్టుకుని దింపుతుంది. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగితే, కిందికి వచ్చేసరికి బ్రేకులు వేడెక్కి మన మాట వినడం మానేస్తాయి. కాబట్టి నాకు రెండో గేరు ముఖ్యం. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పాత కార్ల వ్యాపారికి తెలిసిన ఉపమానం ఒక్కటే, వెన్న. ఇంజను వెన్న. క్లచ్ వెన్న. గేర్లు వెన్నలో వేలు పెట్టినట్టు పడతాయి. ఆ షెడ్డులో పది నిమిషాలు నిలబడితే కారు కొనడానికి వచ్చామో పాలకేంద్రానికి వచ్చామో మరిచిపోతాం. ఇంత వెన్నను ఎంతసేపు చూపిస్తారయ్యా అంటే, షెడ్డు నుంచి పెట్రోలు బంకు దాకా. చదును రోడ్డు. పాట పెద్దగా, ఏసీ గాలి అంతకంటే పెద్దగా. గేరుబాక్సు గొంతు చించుకుని ఏడ్చినా ఆ పాటలో కలిసిపోతుంది. రైలు పట్టాల మీది ఫ్లైఓవరు ఎక్కిద్దామంటే, అటు ట్రాఫిక్ ఎక్కువ మాస్టారూ అంటారు. ఏ రోజు అడిగినా, ఏ వేళ అడిగినా ట్రాఫిక్కే.

పన్నెండో బండికి నాతో ఒక పెద్దాయనను తీసుకెళ్లాను. సాలూరు లారీల ఊరని మీకు తెలుసు. ఆయన నలభై ఏళ్లుగా అక్కడ లారీల కింద పడుకుని బతికిన మనిషి. మాట తక్కువ. బండి ఏపీ 35, ఇంకా జిల్లాకో నంబరు ఉన్న కాలంనాటిది. మీటరు మీద 41,000 కిలోమీటర్లు. వ్యాపారి శుభలేఖ అందించినంత వినయంగా తాళంచెవి అందించి, "డాక్టరు గారి బండి" అన్నాడు.

పెద్దాయన బండి ఎక్కలేదు. తలుపు తీసి, వంగి, క్లచ్ పెడలు చూశాడు. దాని రబ్బరు మూడు తరాలు తొక్కిన గడపలా నున్నగా అరిగిపోయి ఉంది. గేర్ రాడ్డు పిడి మీద ఒకటి, రెండు, మూడు అని ఉండవలసిన అంకెలు లేవు.

"నలభై ఒక్క వేలకే అంకెలు చెరిగిపోయాయా బాబూ?"

వ్యాపారి తడుముకోలేదు. "డాక్టరు గారు కదండీ, మాటిమాటికీ శానిటైజరు రాసుకునేవారు. ఆ చేత్తోనే గేరు వేసేవారు."

ఇటువంటి సమాధానం విన్నప్పుడు మనసులో ఒక గౌరవం పుడుతుంది. నేను కాదనను.

పెద్దాయన అప్పుడు ఎక్కి కూర్చుని, హ్యాండ్‌బ్రేకు బిగించి, టాప్ గేరులో వేసి, కాస్త యాక్సిలరేటరు ఇస్తూ క్లచ్ మెల్లగా వదిలాడు. క్లచ్ ప్లేటు బాగుంటే ఆ దెబ్బకు ఇంజను గుటుక్కున ఆగిపోవాలి. ఆగలేదు. హాయిగా పాడుకుంటూనే ఉంది, అంటే లోపల ప్లేటు పట్టు వదిలేసి జారుతోందన్నమాట. వ్యాపారి ముఖం వెలిగిపోయింది. "చూశారా మాస్టారూ, ఎంత బలమో! హ్యాండ్‌బ్రేకు వేసినా ఇంజను ఆగలేదు!" గుండె ఆగిపోయిన మనిషిని చూపించి, చూశారా ఎంత ప్రశాంతంగా పడుకున్నాడో అన్నట్టుంది. ఏమైనా డాక్టరు గారి బండి.

తర్వాత పెట్రోలు బంకు వైపు కాకుండా ఫ్లైఓవరు వైపు తిప్పాడు పెద్దాయన. వెనక సీట్లో ఉన్న వ్యాపారి ట్రాఫిక్ సంగతి గుర్తు చేశాడు గానీ, లారీ మనుషులకు వెనక సీటు నుంచి వచ్చే మాటలు వినపడవు. పైకి ఎక్కి, దిగుడులో రెండో గేరు వేసి, యాక్సిలరేటరు వదిలి, రాడ్డు మీది చెయ్యి తీశాడు. టక్‌మని రాడ్డు న్యూట్రల్‌లోకి వచ్చేసింది. మళ్లీ వేశాడు. మళ్లీ టక్.

"రెండో గేరు నిలవడం లేదు బాబూ."

"దానితో పెద్దగా పని ఉండదండీ. ఒకటి నుంచి మూడుకి వేసేసుకుంటే పెట్రోలు కూడా ఆదా."

"దిగుడులో?"

"చేత్తో పట్టుకుంటే ఉంటుందండీ. డాక్టరు గారు అలాగే పట్టుకుని నడిపేవారు."

ఆ డాక్టరు గారిని ఒక్కసారి ఊహించుకోండి. ఎడమ చెయ్యి గేర్ రాడ్డు మీద, కుడి చెయ్యి స్టీరింగు మీద, ఎడమ కాలు ఏడాది పొడవునా క్లచ్ మీద. మధ్యలో, ఏ చేత్తోనో తెలియదు, శానిటైజరు.

ఇంత దూరం వచ్చాక ఆ మహనీయుడి పేరు తెలుసుకోకుండా వెళ్లబుద్ధి కాలేదు. ఆర్‌సీ చూపించమన్నాను. ఫోనులో ఫొటో చూపించాడు. పేరు ముందు డాక్టరు అని ఉండదు కదా. ఏ ఆసుపత్రి అని అడిగితే, ఆసుపత్రి కాదండీ, కాలేజీ అన్నాడు. తెలుగు లెక్చరరు. ప్రబంధాల మీద డాక్టరేటు చేశారట. "డాక్టరే కదండీ!"

నవ్వాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆయన బండి అమ్మి ఎన్నాళ్లయిందంటే, రెండేళ్లు. ఆయన తర్వాత ఎవరు కొన్నారంటే, పార్వతీపురంలో ఒకరు. ఆయన తర్వాత? బొబ్బిలిలో ఇంకొకరు. మరి ఆర్‌సీ మీద ఇంకా లెక్చరరు గారి పేరేనా? "పేరు మారిస్తే రెండో ఓనరు అయిపోతుంది కదండీ. రేటు పడిపోతుంది."

ఒక్కరే యజమాని అనే మాట ఎలా తయారవుతుందో అప్పుడు అర్థమైంది. కొన్నవాడు ముప్పై రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. అది చాలలేదని 2022 డిసెంబరులో కొత్త నిబంధనలు తెచ్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత బండ్లు అమ్మేవాడు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలి. బండి అతడి చేతికి వచ్చిందన్న సంగతి ఫారం 29సీలో రవాణా శాఖకు చేరాలి. తన దగ్గర ఉన్నంతకాలం దాన్ని ఎవరు తీశారో, ఎందుకు తీశారో, ఎంత దూరం తిప్పారో ఎలక్ట్రానిక్ రిజిస్టరులో ఎక్కించాలి. 29సీ ఉందా అని అడిగాను. "సీ లేదు గానీ, 29, 30 ఉన్నాయి మాస్టారూ" అంటూ సొరుగు లాగాడు. బండి అమ్మామని తెలిపేది 29, పేరు మార్చమని అడిగేది 30. నిండా అవే ఫారాలు. కింద సంతకాలున్నాయి. కొన్నవారి పేరు రాయవలసిన చోట, తేదీ వేయవలసిన చోట ఖాళీ.

బండి అమ్మేశాను, పీడ వదిలింది అనుకుని నిద్రపోతున్న ఎంతమంది ఆ సొరుగులో ఉన్నారు! రేపు ఈ బండి కొత్తవలస దగ్గర ఎవరి కాళ్లో విరగ్గొడితే నోటీసు వచ్చేది ఎవరింటికి? చేతులు ఎన్ని మారినా రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడే యజమాని, పరిహారం బాధ్యత అతడిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పింఛను డబ్బుతో బతికే ముసలాయన కోర్టు వసారాలో నిలబడాలి. అటు కాళ్లు పోగొట్టుకున్నవాడు, బండి ముఖం చూసి రెండేళ్లయిన ఆ ముసలాయన దగ్గర పైసా పైసా రాబట్టుకోవాలి. వీడు మాత్రం సొరుగు మూసి ఇంకొకడికి వెన్న రాస్తుంటాడు. రేటు తగ్గకూడదని ఇంకొకడి మెడ తాకట్టు పెట్టడం వ్యాపారమా? నా జేబులో చెయ్యి పెట్టినా ఇంత కోపం వచ్చేది కాదు. సంతకాలతో ఉన్న ఆ సొరుగును అధికారులు ఒక్కరోజైనా తెరిచి చూడరా? బైకు మీద ముగ్గురు వెళ్తే ఫొటో తీసే కెమెరాలు ఉన్నాయి, ఈ షెడ్డు గుమ్మం ముందు ఒక మనిషి లేడు.

లెక్చరరు గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. అయ్యకోనేరు దగ్గర. సంగతి చెబితే లోపలికి పిలిచి, కుర్చీ వేసి, ఫోను చూపించారు. విశాఖ బీచ్ రోడ్డులో అర్ధరాత్రి దాటాక అతివేగం, చలానా. అలాంటివి నాలుగు. ఆ వేళప్పుడు బీచ్ రోడ్డులో ఆయనకు ఏమి పని, పక్కన ఎవరున్నారు అని వాళ్లావిడ మొదటి చలానా నాడు అడిగారట. ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదట. అమ్మేనాటికి మీటరు ఎంత ఉందండీ అంటే, 96,000 దాటిందన్నారు.

వ్యాపారికి రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపమని, రవాణా శాఖకు ఫిర్యాదు చేయమని చెప్పాను. శ్రద్ధగా ఒక కాగితం మీద రాసుకున్నారు. వీధి గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చి, ఇంట్లోకి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"రెండో గేరు ఇంకా జారుతోందా?"