పాత వెర్షన్ పేజీలు తీసేస్తే మేమెక్కడ చూసుకోవాలి?

సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్త వెర్షన్ వదిలిన రోజు చేసే హడావుడి అంతా ఇంతా కాదు. పోస్టర్లు, వీడియోలు, కేకులు. ఆ సందట్లో ఎవరో మహానుభావుడు పాత డాక్యుమెంటేషన్, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పేజీలు, మొత్తం పీకేసి, అదే చోట కొత్త పేజీలు పెట్టేస్తాడు. దాన్ని అప్‌డేట్ అంటారట! పాత వెర్షన్ వాడుతున్నవాళ్ల గతేంటని ఒక్కరూ ఆలోచించరు.

మేం నెల్లూరు చుట్టుపక్కల రైస్ మిల్లులకు బిల్లింగ్, స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి పెడుతుంటాం. మిల్లులో సర్వర్ అంటే ఏసీ గదిలో ఉండేది అనుకునేరు. గుమస్తా టేబుల్ కింద తవుడు దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటరే సర్వర్. ఒక మిల్లులో ఇప్పటికీ లెక్కలు దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షనే నడుస్తోంది. దానికి 2021 నవంబరులోనే సపోర్ట్ ఆగిపోయింది. మారుద్దామంటే ఓనరు "సీజన్ అయిపోనీ అబ్బయా" అంటాడు. రబీ అయ్యేసరికి ఎడగారు వడ్లు దిగుతాయి. లారీలు గేటు ముందు నిలబడి ఉండగా సర్వర్ మీద చెయ్యి పడనివ్వకపోవడం ఆయన తప్పేమీ కాదు. ఆ సర్వర్‌కు ప్రమాదం ఉందని నాకూ తెలుసు. కానీ అది నడిచినన్నాళ్లూ దాని పుస్తకం నాకు కావాలి కదా.

ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్ వాళ్లకు దండం పెట్టొచ్చు. మా దగ్గర పనిచేసే కుర్రాడు కిలోల కాలమ్ నుంచి పుట్ల కాలమ్ దానంతటదే లెక్క కట్టుకునేలా రాశాడు. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు, ఆ భాగహారమే. దానికి జనరేటెడ్ కాలమ్ వాడాడు. వాడి ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది, మిల్లులో సింటాక్స్ ఎర్రర్. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో జనరేటెడ్ కాలమ్ పేజీ తెరిచి చూస్తే పైనే వెర్షన్ నంబర్లు వరసగా ఉన్నాయి. పాతవాటి వైపు వెళ్తే ఆ వరస 12 దగ్గర ఆగిపోయింది. అంటే 2019లో 12 వచ్చేదాకా ఆ సౌకర్యమే లేదు. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, ఫోరమ్‌లు వెతకక్కర్లేదు. దాని బదులు ట్రిగ్గర్ (వరస చేరగానే దానంతటదే నడిచే చిన్న కోడ్) రాసుకుని పని కానిచ్చాం.

ఇక రెండో రకం చూడండి. రైతులకు డబ్బు జమ అయిన మెసేజ్ పంపడానికి మేం వాడే ఎస్ఎంఎస్ సర్వీస్ ఒకటుంది. పేరెందుకు లెండి. వాళ్లు రెండో వెర్షన్ తెచ్చారు. మొదటిది ఆపలేదు, ఇప్పటికీ డబ్బులు తీసుకుంటూనే ఉన్నారు, దాని పేజీలు మాత్రం మాయం చేశారు. ఓ కొత్త మిల్లుకు అదే పాత వెర్షన్ తగిలిస్తే, తెలుగు మెసేజ్ బదులు ప్రశ్న గుర్తుల వరస వెళ్లింది. "ఏందబ్బయా ఇది, దుడ్లు పడినాయా లేదా అని రైతులు నన్ను పీక్కు తింటుండారు" అని ఓనరు ఫోన్. పాత వెర్షన్‌లో మెసేజ్ యూనికోడ్ (తెలుగు లాంటి లిపులను కూడా రాయగలిగే పద్ధతి) అని విడిగా చెప్పాలి, కొత్తదాంట్లో అక్కర్లేదు. అందుకే కొత్త పేజీల్లో ఆ సెట్టింగ్ ఊసే లేదు. సపోర్ట్‌కు రాస్తే 'లేటెస్ట్ వెర్షన్‌కు మారండి' అని ఒక్క ముక్క జవాబు. చివరికి పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ అనే ఆర్కైవ్‌లో తవ్వి పాత పేజీ పట్టుకున్నాం. డబ్బు కట్టి వాడుతున్న వస్తువు గురించి ఆర్కైవ్‌లో వెతుక్కోవాల్సిన ఖర్మేంటి?

పది వెర్షన్ల పేజీలు ఎవరు మెయింటైన్ చేస్తారండీ అంటారు. మెయింటైన్ చేయమని ఎవరడిగారు? సపోర్ట్ ఉన్న వెర్షన్లకు తప్పులు దిద్దండి. కాలం తీరినవాటిని ముట్టుకోకుండా అలాగే ఉంచి, ప్రతి పేజీ నెత్తిన 'ఇది పాతది, కొత్తది ఇక్కడ ఉంది' అని రాయండి, చాలు. వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ జాంగో వాళ్లు అదే చేస్తారు. సపోర్ట్ పోయిన వెర్షన్ పేజీ తెరిస్తే, ఇది సురక్షితం కాదనే హెచ్చరిక ముందు కనిపిస్తుంది.

'ఇది పాతది' అనే ముక్క రాయకుండా పాత పేజీని వదిలేయడం కూడా అంతే అన్యాయం. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వచ్చాక కూడా కొన్ని షాపుల బోర్డుల మీద ప్రకాశం జిల్లా అనే ఉండేది. ఊళ్లోవాళ్లు కాబట్టి ఎవరూ తికమకపడలేదు. గూగుల్‌లో వెతికి నేరుగా మధ్య పేజీలో దిగిన కుర్రాడికి ఆ పేజీ పాతదన్న సంగతి చెప్పేదెవరు? జాంగో 4.0లో తీసేసిన పాత యూఆర్‌ఎల్ ఫంక్షన్‌ను ఏదో ట్యుటోరియల్లో చూసి ఎక్కించుకుని, ఇంపోర్ట్ ఎర్రర్ వస్తే తనకే చదువు రాలేదని దిగులు పడే డిగ్రీ పిల్లలను నేను చూస్తూనే ఉంటాను. ఆ ట్యుటోరియల్ ఏ వెర్షన్‌కు రాశారో ఎక్కడా ఉండదు. తేదీ కూడా ఉండదు, అదేదో రహస్యమైనట్టు!

అసలు ఇది విడుదల రోజు కూర్చుని చేసే పనే కాదు. కోడ్ మార్చినవాడే అదే మార్పులో పేజీ కూడా మార్చాలి. పేజీ మారకపోతే ఆ కోడ్‌ను లోపలికి రానివ్వకూడదు. పైథాన్ భాష డాక్యుమెంటేషన్‌లో రిమూవ్‌ప్రిఫిక్స్ అనే ఫంక్షన్ దగ్గర 3.9 వెర్షన్‌లో వచ్చిందని ఒక్క లైను ఉంటుంది. ఆ లైను రాయడానికి నిమిషం పట్టదు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్లయితే ఇంకా గట్టివాళ్లు, డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలను కూడా టెస్టుల్లో భాగంగా నడిపిస్తారు, పాడైతే అక్కడే దొరుకుతుంది. మన దగ్గర మాత్రం డాక్యుమెంటేషన్ అంటే కొత్తగా చేరిన ఇంటర్న్ నెత్తిన రుద్దే పని. వాడికి పాత వెర్షన్ ఒకటుందనే తెలియదు పాపం.

ఆ ఎస్ఎంఎస్ వాళ్లు పాత పేజీలు ఇంకా తిరిగి పెట్టలేదు. ఆర్కైవ్ నుంచి దించుకున్న కాపీ నా దగ్గరుంది. ప్రశ్న గుర్తులతో అవస్థ పడుతున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపిస్తా.