వేలం మీది, లెక్కా మీదేనా?

రావులపాలెం కూడలిలోనో పాలకొల్లు రోడ్డులోనో కారు ఆపి తాళాలు గుంజుకుపోయే ఫైనాన్స్ సంస్థల రికవరీ ఏజెంట్ల సంగతి గోదావరి డెల్టా పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. రొయ్య ధర పడిపోయి రెండు కిస్తీలు తప్పితే చాలు, ఇంటి ముందు నలుగురు దిగుతారు. బలప్రయోగంతో వాహనాలు లాక్కోవడం తగదని సుప్రీంకోర్టు 2007లో ఒకసారి, 2011లో మరోసారి చెప్పినా ఈ దందా ఆగలేదు. అంతకన్నా నీచమైనది కారు పోయాక మొదలవుతోంది.

కొన్నాళ్లకు ఇంగ్లీషులో ఒక నోటీసు వస్తుంది. అసలు, వడ్డీ, ఆలస్య రుసుము, ఏజెంటు ఖర్చు, యార్డు అద్దె, వాటిపై జీఎస్టీ అన్నీ పైసలతో సహా ఉంటాయి. అమ్మకంలో వచ్చిన సొమ్ము మాత్రం ఒకే ఒక్క అంకె. అది తీసేయగా మిగిలిన లక్షలు కట్టాలట! కారుకు ధర కట్టిందెవరు? వేలం ఎక్కడ జరిగింది, ఎందరు పాడారు, చివరికి కొన్నదెవరు? ఒక్క ముక్క ఉండదు. అమలాపురంలో ఏ పాత కార్ల బేరగాడిని అడిగినా అంతకన్నా ఎక్కువే చెబుతాడని బాధితుడు మొత్తుకున్నా వినే నాథుడు లేడు. అమ్మిందీ వారే, ధర తేల్చిందీ వారే, తరుగు పడిందంటూ బాకీ రాసిందీ వారే.

అప్పు తీసుకున్నవాడు కట్టాల్సిందే, ఎగవేతదారులూ ఉన్నారు, ఒప్పందం ప్రకారం బండిని స్వాధీనం చేసుకునే హక్కు ఫైనాన్స్ సంస్థలకు ఉంది. కాదనడం లేదు. కానీ స్వాధీనం చేసుకునే హక్కు ఉంటే అయినకాడికి అమ్ముకునే హక్కు కూడా వచ్చేసినట్టేనా?

ఇదే డెల్టాలో కాసు బంగారం కుదువ పెట్టినవారికి కొంత దన్ను ఉంది. ఆ వేలానికి కనీస ధర ఉండాలని, మిగులు తేలితే తిరిగి ఇచ్చేయాలని రిజర్వు బ్యాంకే నిర్దేశించింది. కారు దగ్గరికి వచ్చేసరికి అమ్మే పద్ధతిని ఒప్పంద పత్రానికి వదిలేసింది. ఆ పత్రం రాసేదెవరో వేరే చెప్పాలా? పోనీ, ఉన్న నిబంధనలైనా అమలవుతున్నాయా? అమ్మకానికి ముందు బాకీ తీర్చేందుకు చివరి అవకాశం ఇవ్వాలని, ఉత్తరాలు రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థల (ఎన్‌బీఎఫ్‌సీల) న్యాయ వ్యవహార నియమావళి చెబుతోంది. యజమాని ఆర్‌సీ ఇవ్వకపోతే, రిజిస్టరు పోస్టులో అతనికి నోటీసు పంపి వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చాకే ఫైనాన్షియర్ పేరిట కొత్త ఆర్‌సీ ఇవ్వాలన్నది మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్. మన రవాణా కార్యాలయాల్లో ఆ నోటీసులు నిజంగా బయలుదేరుతున్నాయా? రికార్డులు తీస్తే తెలుస్తుంది. తీసేవారేరీ?

అమ్మకం సొమ్ముగా చూపే ఆ ఒక్క అంకెను ఎవరూ ప్రశ్నించకపోతే అదే రివాజవుతుంది, మా భయమల్లా అదే. ఇవాళ కారు, రేపు ట్రాక్టరు, ఎల్లుండి చేపల మేత మోసే వ్యాను. ఏకపక్షంగా వేసిన ఆ లెక్కే బాకీ తగాదా తేల్చే మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) ముందు సాక్ష్యమవుతుంది, క్రెడిట్ రికార్డులో మచ్చగా మిగులుతుంది. ఫలితంతో లాభపడే పక్షం ఏకైక మధ్యవర్తిని తానే నియమించుకోరాదని సుప్రీంకోర్టు 2019లో తేల్చినా, చెన్నై నుంచో ముంబై నుంచో అలాంటి మధ్యవర్తుల తాఖీదులు ఇంకా వస్తూనే ఉన్నాయి.

బాకీదారులు భయపడి రాజీ పత్రాల మీద సంతకాలు చేయకూడదు. వేలం ప్రకటన, ధర నివేదిక, కొన్నవారి రసీదు చూపమని ముందు లిఖితపూర్వకంగా అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. కారు లాక్కెళ్లే ముందు ఏజెంట్లు ఇచ్చే కాగితాన్ని పోలీసులు బుద్ధిగా తీసుకుని, బాధితుడు వస్తే మాత్రం ‘సివిల్ తగాదా’ అని పంపేసే అలవాటు మానుకోవాలి. కలెక్టర్లకూ ఒక మాట: బ్యాంకర్ల సమావేశంలో రుణ లక్ష్యాలు చదివి, టీ తాగి లేచిపోవడానికా మీరున్నది? అమ్మిన కాగితం చూపలేని సంస్థకు బాకీ అడిగే నోరెక్కడిది? చూపించమనండి. లేదంటే ఆ నోటీసులు వెనక్కి తీసుకోమనండి.