గేటు దగ్గర ఆగిన ప్రయాణికుడు

తిరుమల కొండ దిగి రేణిగుంట విమానాశ్రయానికి వచ్చిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. దారిలో ఎక్కడో ఇంటిపెద్ద చేతిసంచి పోయింది. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఫోను అన్నీ అందులోనే. కొడుకు ఫోనులో డిజీలాకర్ తెరుద్దామంటే ఓటీపీ పోయిన ఫోనుకే వెళుతుంది. టికెట్టు ఉంది. పక్కనే భార్యా కొడుకూ ఉన్నారు, వాళ్ల కార్డులు సక్రమంగా ఉన్నాయి. అయినా టెర్మినల్ గేటు దగ్గర ఆయన ఆగిపోవలసిందే. అక్కడి సీఐఎస్ఎఫ్ జవానును తప్పుపట్టలేం, అతని చేతికిచ్చిన నియమం అంతవరకే ఉంది. ఆ తరువాత ఏం చేయాలో చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు. మా అభ్యంతరం దానికే.

తనిఖీ అక్కర్లేదని మేము అనడం లేదు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. ఎం.సింగ్ పేరుతో టికెట్టు తీసుకున్నవాడి పెట్టె ప్రయాణమైంది, వాడు మాత్రం విమానమెక్కలేదు. టికెట్టు మీది పేరు, ఎదుట నిలబడ్డ మనిషి, అతని సామాను ఒకరివేనా అని ప్రతి ప్రయాణానికీ ఎందుకు సరిచూడాలో ఆ ఒక్క ఘోరం చాలు చెప్పడానికి. ఆ నేపథ్యంలోనే పౌర విమానయాన భద్రతా బ్యూరో 1987 ఏప్రిల్‌లో ప్రత్యేక శాఖ అయింది. 1999 డిసెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ 814 హైజాక్ తరువాత విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్ చేతికి రావడం మొదలైంది.

భద్రతా బ్యూరో నియమం జనం అనుకునేంత ఇరుకైనదేమీ కాదు. ఆధార్ లేకపోతే విమానమెక్కనివ్వరని చాలామంది నమ్ముతున్నారు. అది నిజం కాదు. 2017 అక్టోబరులో బ్యూరో ఇచ్చిన ఉత్తర్వు పది రకాల పత్రాలను ఒప్పుకుంది. పాస్‌పోర్టు, ఓటరు కార్డు, ఆధార్ లేదా ఫోనులోని ఎం-ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఉద్యోగి గుర్తింపు కార్డు, విద్యార్థి కార్డు, ఫొటో ఉన్న జాతీయ బ్యాంకు పాస్‌బుక్కు, ఫొటో ఉన్న పింఛను పత్రం, దివ్యాంగుల కార్డు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. గుర్తింపు కార్డున్న తల్లిదండ్రుల వెంట వచ్చే పిల్లలకు వేరే కార్డు అక్కర్లేదు. పింఛను పుస్తకంతో విమానమెక్కవచ్చని మన పల్లెల్లో ఎంతమంది పెద్దవాళ్లకు తెలుసు? ఈ జాబితాను గన్నవరం, మధురపూడి, కడప గేట్ల దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. టికెట్టు మీద కూడా తెలుగులో అచ్చు వేయాలి.

ఇవేవీ లేనివారి కోసం అదే ఉత్తర్వులో ఇంకో దారి ఉంది. గ్రూప్-ఎ గెజిటెడ్ అధికారి తన లెటర్‌హెడ్ మీద, ఫొటోను ధ్రువీకరించి ఇచ్చే పత్రం చెల్లుతుంది. ఇంట్లో ఉండి వారం ముందు తెలిస్తే దీన్ని సంపాదించుకోవచ్చు. ఊరుగాని ఊళ్లో, ఆదివారం తెల్లవారుజామున అయిదు గంటలకు కార్డు పోగొట్టుకున్నవాడు ఏ గెజిటెడ్ అధికారి తలుపు తట్టాలి?

అమెరికాలో గుర్తింపు కార్డుల ప్రమాణాలను కట్టుదిట్టం చేసిన 2005 నాటి రియల్ ఐడీ చట్టం ఎన్నోసార్లు వాయిదా పడి, చివరికి 2025 మే 7న విమానాశ్రయాల్లో అమలుకు వచ్చింది. కార్డు లేకుండా వచ్చినవారిని అక్కడ వెంటనే తిప్పి పంపరు. వివరాలు అడిగి, తమ దగ్గరున్న సమాచారంతో పోల్చి, మనిషి ఎవరో తేలితే అదనపు తనిఖీ చేసి పంపిస్తారు. తేలకపోతే పంపరు. 2026 ఫిబ్రవరి నుంచి ఇందుకు 45 డాలర్లు వసూలు చేస్తున్నారు. ఆ రుసుము మనకు వద్దు, ఆ పద్ధతి కావాలి. వేలిముద్రతో రేషన్ బియ్యం ఇవ్వగలిగిన దేశంలో, కోరుకున్న ప్రయాణికుడి వేలిముద్రతో అతనెవరో తేల్చే కౌంటరు ఒకటి విమానాశ్రయంలో పెట్టడం అసాధ్యమేమీ కాదు.

కార్డు ఉన్నా తప్పని తంటా పేర్లది. ఇది తెలుగువాళ్లకు బాగా తెలిసిన బాధ. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో అది ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివరికి జరుగుతుంది. టికెట్టు ఫారమేమో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు చూపి నింపమంటుంది. వెంకట సత్యనారాయణ ఏ గడిలో పడతాడు? లక్ష్మిని ఇంగ్లిషులో ‘కేఎస్‌హెచ్’తో రాసేవారున్నారు, ‘ఎక్స్’తో రాసేవారున్నారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు ఒక కార్డు పుట్టింటి పేరుతో, మరొకటి అత్తింటి పేరుతో ఉంటుంది. ఊళ్లో ట్రావెల్స్ వాళ్ల దగ్గరో, నెట్ సెంటర్‌లోనో టికెట్టు చేయించుకునేవారు స్పెల్లింగ్ చూసుకునేది ప్రయాణం రోజునే.

2019 నాటి ప్రయాణికుల హక్కుల పత్రం ప్రకారం బుక్ చేసిన 24 గంటల్లోపు చెబితే పేరులోని తప్పును రుసుము లేకుండా దిద్దాలి. ఆ గడువు దాటాక పరిస్థితి విమాన సంస్థ దయ మీద ఆధారపడుతుంది. ఇక్కడ రెండు సంగతులను విడదీసి చూడాలి. టికెట్టును ఒకరు కొని మరొకరికి అమ్ముకోకుండా చూసుకోవడం సంస్థల వ్యాపార అవసరం. ఎక్కేది ఎవరో తెలియడం భద్రతా అవసరం. ఇంటిపేరు ముందున్నా వెనకున్నా, అక్షరం అటూ ఇటూ అయినా, మనిషి అతడేనని ఫొటో చెబుతున్నప్పుడు భద్రతకు వచ్చే లోటు లేదు. ఎంత తేడాను ఒప్పుకోవాలో భద్రతా బ్యూరో, విమాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ కలిసి రాతపూర్వకంగా ప్రకటించాలి. 2024 జూన్ నుంచి పౌర విమానయాన శాఖను చూస్తున్న మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం బిడ్డ. ఇంటిపేరు ముందుండే పేర్ల ఇబ్బంది ఆయనకు ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

వీటన్నిటికీ డిజియాత్రే మందని కొందరంటున్నారు. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైన ఈ ముఖ గుర్తింపు పద్ధతి తరువాతి సంవత్సరం శంషాబాద్, గన్నవరాలకు, 2024 సెప్టెంబరులో విశాఖపట్నానికి వచ్చింది. వాడుకునేవారికి సౌకర్యమే, సందేహం లేదు. కానీ అందులో చేరడానికి ఆధార్ కావాలి, స్మార్ట్‌ఫోన్ కావాలి. ఆ రెండూ చేతిలో లేనివాడి గురించే మేము మాట్లాడుతున్నాం. చేరాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమని ప్రభుత్వం మొదటినుంచీ చెబుతోంది. అయినా గేట్ల దగ్గర సరిగా చెప్పకుండానే ముఖాలు ఫొటో తీసి చేర్చేస్తున్నారని 2024 మొదట్లో ఫిర్యాదులు వచ్చాయి. డిజియాత్ర వరుసలు పెంచి మామూలు వరుసలు తగ్గిస్తే, పేరుకు ఐచ్ఛికమైనది ఆచరణలో తప్పనిసరి అవుతుంది. ఆధార్ చూపి చేతికర్రతో వచ్చే పెద్దావిడకు కూడా అంతే త్వరగా లోపలికి వెళ్లే హక్కు ఉంది. మామూలు గేట్లలో ఇప్పుడున్న సిబ్బందిలో ఒక్కరినీ తగ్గించకూడదు.

కార్డు పోయినవారి కౌంటరును ముందుగా రేణిగుంటలోనే పెట్టాలని మేము కోరుతున్నాం. దేశం నలుమూలల నుంచి యాత్రికులు వచ్చే చోటు అది. దర్శనం క్యూలలో, బస్సుల్లో, కాటేజీల్లో పర్సులు పోవడం అక్కడ కొత్త కాదు. పోలీసు ఫిర్యాదు రసీదు, టికెట్టు పీఎన్ఆర్, ప్రయాణికుడి సమ్మతితో వేలిముద్ర, వెంట వచ్చినవారి కార్డులు, అదనపు సోదా. ఇవన్నీ కలిపి అరగంటలో తేలే పని. వచ్చే బ్రహ్మోత్సవాల నాటికి ఆ బల్ల వేసి, ఒక అధికారిని కూర్చోబెట్టండి.