షెడ్డు కంట్రోలర్ గారికి ఒక విన్నపం

మా ఈసీ షెడ్డులో, అంటే లోపలి వేడిని యంత్రాలతో అదుపు చేసే మూసిన కోళ్ల షెడ్డులో, ఫ్యాన్లూ అలారమూ నడిపే డబ్బా అయిన మహారాజశ్రీ కంట్రోలర్ గారి సముఖమునకు, యజమాని అని పేరుకు చెప్పుకునేవాడు నమస్కరించి వ్రాయునది. ఇచ్చట కోళ్లన్నీ క్షేమం. ఆ సంగతి మీకు తప్ప అందరికీ తెలుసు.

భోజనాల వేళకల్లా వచ్చి మీ అలారం సరిచేస్తానన్న డీలరు రాలేదు. ఫోన్లోనే చెప్పేస్తా సార్ అన్నాడు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మీ మీటలు. "కింది బాణం నొక్కండి... ఇంకోసారి... ఇప్పుడు ఎంటర్" అనేలోపు తమకు విసుగొచ్చి తెర మొదటికి వచ్చేసేది. మళ్లీ పాస్‌వర్డ్. అది మీ డబ్బా మూత మీదే మార్కర్‌తో రాసి ఉంది, అయినా అడగాలి, అదో మర్యాద. సాయంత్రం దాకా ఇదే పని. మీకొచ్చిన భాషల్లో తెలుగు లేదు, సరే. అలారం మెసేజీలు ఇప్పటికీ మిమ్మల్ని బిగించిన కుర్రాడి నంబరుకే వెళ్తున్నాయట, అదీ సరే.

కానీ ఆ "ప్లస్ 5" ఏమిటండీ? ఎన్ని డిగ్రీలకు మోగుతారని అడిగితే, టార్గెట్ కంటే, అంటే షెడ్డులో ఉండాల్సిన వేడి కంటే, అయిదు ఎక్కువకు అంటారు. నూనె ధర అడిగితే "నిన్నటికంటే అయిదు ఎక్కువ" అనే కిరాణా కొట్టువాడైనా నయం, కనీసం నిన్నటి ధర మారదు. పిల్లలు పెరిగేకొద్దీ మీ టార్గెట్ రోజురోజుకీ దిగుతుంది. మొదటి రోజు పిల్లలకు 33, అంటే మోత 38కి. 37 దగ్గరే పిల్లలు వెచ్చదనమిచ్చే బ్రూడర్ వదిలి గోడ వారకు పోయి, రెక్కలు వాల్చి నోళ్లు తెరుస్తాయి. కోడికి చెమట పట్టదు, రొప్పడమే దిక్కు. మీ తెర మీద మాత్రం "నార్మల్".

అదే 28వ రోజుకు టార్గెట్ 23, మోత 28కి. మే నెల, బయట 44. గాలిని చల్లబరిచే ప్యాడ్లు తడిసి ఉన్నాయి, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, లోపల 29. ఆ ఎండలో అంతకంటే దించడం నీ వల్ల అవుతుందా? కాదు కదా! మరి పొద్దుటి నుంచి సైరన్ ఎందుకు? కోళ్లు హాయిగా మేత తింటుంటే ఊరంతా వినేలా ఎందుకు అరుస్తున్నావు?

అరిచి అరిచి ఏం సాధించావో తెలుసా? మా పనివాడు సైరన్ స్విచ్ ఆపేయడం నేర్చుకున్నాడు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. మొన్న రాత్రి కరెంటు పోయి, జనరేటర్ అందుకోక ఫ్యాన్లు ఆగితే, ఆ స్విచ్ ఆపే ఉంది. ఈ రోజుల్లో ఫ్యాన్లు ఆగితే ఎంతసేపు, అరగంట చాలు, షెడ్డంతా పోతుంది. ఫ్యాన్ల చప్పుడు ఆగిందని మా ఆవిడకు మెలకువ రాబట్టి సరిపోయింది. ఆవిడకు సెన్సర్ లేదు, మెనూ లేదు.

ఫ్యాన్లు, ప్యాడ్లు నువ్వే చూసుకో. అందులో వంక పెట్టను, వేళ తప్పవు. అలారం పని మాత్రం నీ చేతిలోంచి తీసేస్తున్నాను. విడిగా ఒక థర్మోస్టాట్, దానికో బ్యాటరీ, ఓ చిన్న సైరన్ తెస్తున్నాను. నీ పక్కనే తగిలిస్తాను. అంకె ఎంత పెడితే అంతకే మోగుతుంది, కరెంటు పోయినా మోగుతుంది. పాస్‌వర్డ్ అడగదు. కుళ్లుకుంటే కుళ్లుకో.

ఇట్లు,
వరండాలోంచి షెడ్డు ముందుకు మంచం మార్చుకున్న కోళ్ల రైతు