ఒక్క పేజీ, ఆరు బటన్లు, పద్దెనిమిది వేలు

రొయ్యల రైతులకు మేతా మందులూ అమ్మే మా బావ వెబ్‌సైటు గూగుల్‌లో మొదటి స్థానంలో ఉంది. ఈ మాట నేనంటున్నది కాదు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక మేడ మీద, బిర్యానీ హోటలుకూ కళ్లద్దాల షాపుకూ మధ్య ఉన్న మెట్లెక్కితే వచ్చే డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసు కుర్రాడు అన్నాడు. అని ఊరుకోలేదు, బావ ఫోను తీసుకుని టైపు చేసి మరీ చూపించాడు. ఏం టైపు చేశాడయ్యా అంటే, ముందు మా బావ వాళ్ల కులదైవం పేరు, దాని వెనక వాళ్ల నాయన పేరు, ఆ వెనక ఆక్వా, ఆ వెనక ఏజెన్సీస్, ఆ వెనక ఇందుకూరుపేట. నిజంగానే మొదట వచ్చింది. ఈ భూమండలం మీద ఈ ఐదు మాటలూ ఈ వరుసలో ఇంకెవరికీ లేవు మరి. మా అక్క వంటింట్లోంచి "ఏమయ్యో" అని కేకేస్తే మొదట పలికేది కూడా మా బావే. దానికి ఇంతవరకూ ఎవరూ పద్దెనిమిది వేలు తీసుకోలేదు.

చిన్న విషయమని కొట్టిపారేయకండి. ఒకే పేజీ ఉన్న వెబ్‌సైటు గూగుల్‌లో పైకొస్తుందా, రాదా అన్నది మా వైపు ఇప్పుడు నడుస్తున్న అసలైన వేదాంత చర్చ. పెళ్లిళ్ల హాలు వాళ్లకు, పళ్ల డాక్టర్లకు, కావలి కోచింగ్ సెంటర్లకు, చీమకుర్తి గ్రానైటు వాళ్లకు, అందరికీ తలా ఒక పేజీ అంటగట్టారు. పైనుంచి కిందికి తోసుకుంటూ పోవాలి, అదే వెబ్‌సైటు. "ఒక్క పేజీయేనా నాయనా?" అని బావ అమాయకంగా అడిగితే కుర్రాడు జాలిగా చూశాడు. "ఇప్పుడు ట్రెండు ఇదే సార్. రెండో పేజీకి ఎవరు పోతారు సార్?" అన్నాడు. గూగుల్ రిజల్ట్స్‌లో రెండో పేజీ దాకా జనం పోరన్న మాట ఎక్కడో విని, వెబ్‌సైటులో కూడా రెండో పేజీ ఉండకూడదని తేల్చుకున్న మేధావి.

ప్రారంభోత్సవానికి నేనూ వెళ్లాను. దశమి, వర్జ్యం లేని ఘడియ. ల్యాప్‌టాప్‌కు పసుపు కుంకుమలు పెట్టి, మూత చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. రిబ్బను కట్టాక మూత తెరుచుకోదని పంతులుగారు ముందు గ్రహించారు, కుర్రాడు తర్వాత గ్రహించాడు. కొబ్బరినీళ్లు కీబోర్డు మీద పడకుండా ఖాళీ మేత సంచి అడ్డం పెట్టారు. తొలి స్క్రోలు మా అక్క చేతుల మీదుగా జరగాలని నిర్ణయం.

అక్క వేలు పెట్టి తోసింది. 'వెల్‌కమ్' అని వచ్చింది. ఇంకొంచెం తోసింది. 'మా గురించి'. తోసింది. 'మా విజన్'. తోసింది. 'మా మిషన్'. "ఏ మిషన్? నీళ్లకు గాలి కొట్టే ఏరేటరా?" అని బావ ముందుకు వంగాడు. కాదట. ఆ కింద కోట్లు వేసుకున్న ఇద్దరు తెల్లవాళ్లు చేతులు కలుపుకుంటున్నారు. "వీళ్లెవరబ్బా?" అంటే "మీ కస్టమర్లు సార్" అన్నాడు. ఆ కింద సున్నా దగ్గర మొదలై అంకెలు గిరగిరా లేచాయి, పెట్రోలు బంకులో మీటరులాగా. 500 మంది సంతృప్త ఖాతాదారులు. 25 ఏళ్ల అనుభవం. 50 అవార్డులు. షాపు పెట్టింది పోయిన ఉగాదికి. బావకు జీవితంలో వచ్చిన అవార్డు ఒక్కటే, ఆరో తరగతిలో కబడ్డీకి ఇచ్చిన సబ్బు పెట్టె. ఆయన ఆ 50 వంక చాలాసేపు చూశాడు. కాదనడానికి నోరు రాలేదు పాపం, చుట్టూ బంధువులున్నారు.

ఇంకా తోస్తే 'మా సేవలు'. అక్కడ కనబడింది రొయ్య. పేజీ మొత్తానికి ఒకే ఒక్క రొయ్య. ఎర్రగా వేగి, తెల్ల పళ్లెంలో పడుకుని ఉంది. పక్కన నిమ్మకాయ ముక్క, మీద కొత్తిమీర. రొయ్యను బతికించుకోవడానికి రైతు వచ్చే షాపు అండీ ఇది! పురుళ్ల ఆస్పత్రి బోర్డు మీద పాడె బొమ్మ వేసినట్టుంది. అక్క మాత్రం "ఇగురు బాగా కుదిరినట్టుందే" అంది.

పేజీ నెత్తిన ఆరు బటన్లున్నాయి. హోమ్, అబౌట్, ప్రొడక్ట్స్, ల్యాబ్, గ్యాలరీ, కాంటాక్ట్. ఏది నొక్కినా పేజీ మారదు, అదే పేజీ సర్రున కిందికి జారుతుంది. పైన అడ్రసు చివర మాత్రం ఒక హ్యాష్ (#) గుర్తూ, దాని వెనక ఒక మాటా వచ్చి చేరతాయి. ఆ హ్యాష్ తర్వాత ఏముందో గూగుల్ సాధారణంగా పట్టించుకోదు, దాన్ని వేరే పేజీగా లెక్కెయ్యదు. ఆరు గుమ్మాలున్నాయి గానీ గది ఒకటే, డోరు నంబరూ ఒకటే. ఒక పేజీకి ఒకటే టైటిల్ కాబట్టి ఆ టైటిల్లోకి మేత, సీడు (అంటే రొయ్య పిల్లలు), ఏరేటర్లు, మందులు, ల్యాబు, నెల్లూరు, కావలి, కందుకూరు, సింగరాయకొండ, ఒంగోలు అన్నీ ఎక్కించారు. శుభలేఖలో ఏ బంధువు పేరు వదిలితే ఏం గొడవో అని భయపడినట్టుంది. అంత పొడుగు టైటిల్ని గూగుల్ మొత్తం చూపించదుగా, తెంపేస్తుంది. మాది 'ఏరే' దగ్గర తెగింది.

మా చిన్నప్పుడు బడికి మార్కాపురం పలక ఒక్కటే తీసుకుపోయేవాళ్లం. తెలుగు రాసి, తుడిచి, లెక్కలు చేసి, మళ్లీ తుడిచేవాళ్లం. తుడవకుండా అక్షరాల మీదే ఎక్కాలు రాసి చూపిస్తే అయ్యవారు పలక మీద మార్కులు వేసేవారా, వీపు మీద వేసేవారా?

ఒంటి పేజీ పాపమేమీ కాదు, అది కూడా చెప్పాలి. చెప్పాల్సింది ఒక్కటే అయితే ఒక్క పేజీ చాలు. మైపాడు బీచి దారిలో ఎవరికో రెండు గదుల లాడ్జి ఉందనుకోండి. గదులు రెండు, అద్దె ఇంత, దారి ఇది, ఫోను ఇది. దానికి పది పేజీలెందుకు? పోటీ లేని చోట అలాంటిది సుఖంగా పైకొస్తుంది. పేజీల లెక్కకు గూగుల్ మార్కులు వెయ్యదు. అడిగిన ప్రశ్నకు ఈ పేజీలో జవాబుందా, దీన్ని నమ్మి ఇంకెవరైనా తమ సైటులోంచి లింకు ఇచ్చారా, ఇలాంటివి చూస్తుంది. ఆ లింకుల లెక్క 1998లో గూగుల్ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. కానీ రెండు హెచ్‌పీ ఏరేటర్ ధర వెతికేవాడూ, సీడుకు రోగముందో లేదో తేల్చే పీసీఆర్ టెస్టు ఎక్కడ చేస్తారని వెతికేవాడూ ఒక్కడు కాడు. ఇద్దరికీ కలిపి ఒకే పేజీలో నాలుగేసి మాటలు రాస్తే, ఒక్కోదానికీ ఒక్కో పేజీ కుదురుగా రాసుకున్నవాడి ముందు అది నిలవదు. ఇంతే సంగతి. ఇది చెప్పడానికి నేను డబ్బులు తీసుకోవడం లేదు.

ఆ ఆఫీసు పాంప్లెట్టు మీద 'మొదటి ర్యాంకు గ్యారంటీ' అని ఎర్రక్షరాల్లో వేశారు. మొదటి ర్యాంకుకు గ్యారంటీ ఎవ్వరూ ఇవ్వలేరనీ, ఇస్తామనేవాళ్లతో జాగ్రత్తనీ గూగులే తన సూచనల్లో రాసిపెట్టింది. పిల్లనిచ్చే తండ్రి ఒప్పుకోని మాటకు పెళ్లిళ్ల పేరయ్య హామీ ఉంటున్నాడన్నమాట. బిల్లులో ఇంకో పద్దు, 'మెటా కీవర్డ్స్: మూడు వేలు'. పేజీ వెనక ఎవరికీ కనబడకుండా పెట్టే మాటల ట్యాగు అది. ర్యాంకింగుకు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే బాహాటంగా చెప్పేసింది. మన దేశంలో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చిందీ ఆ ఏడే. టైగరు రొయ్యను వదిలి వనామీకి మారడం చదువురాని రైతుకు చేతనైంది. మెటా కీవర్డ్స్‌ను వదలడం ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఇంకా చేతకావడం లేదు.

ఒకరోజు బావ తన ఫోను నంబరు కాపీ చేసుకుందామని పేజీ అడుగున వేలు నొక్కి పట్టాడు. తెల్లగా ఖాళీగా ఉన్న జాగా అంతా నీలంగా మారి, అందులోంచి ఊళ్లు లేచాయి. విడవలూరు ఏరేటర్లు, అల్లూరు ఏరేటర్లు, ముత్తుకూరు ఏరేటర్లు, కొత్తపట్నం ఏరేటర్లు, ఉదయగిరి ఏరేటర్లు. ఉదయగిరిలో కొండ ఉంది, కోట ఉంది, చక్కని చెక్క చెంచాలు చేసేవాళ్లున్నారు. సముద్రం మాత్రం లేదు. తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో ఊళ్ల పేర్లు రాసి గూగుల్‌కు గంతలు కట్టడమన్నమాట. దీన్ని గూగుల్ స్పామ్ కిందే లెక్కేస్తుంది. దొరికితే సైటు వెనక్కి పోతుంది, ఒక్కోసారి రిజల్ట్స్‌లోంచే పోతుంది. పోయేది బావ పేరు. కుర్రాడి పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు.

ఇదంతా నవ్వి వదిలేసేవాణ్ణే. కానీ మా బావ ఆరు పేజీలు రాసిచ్చాడు. అదీ నా బాధ.

మా బావకు ఇంగ్లీషు రాదు, మార్కెటింగు రాదు. రొయ్య వచ్చు. లాంగు నోటు బుక్కులో బాల్ పెన్నుతో రాశాడు. రాత్రిపూట ఎండ ఉండదు కాబట్టి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదని, పైగా అదే పీల్చుకుంటుందని, అందుకే తెల్లారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికంటే తగ్గుతుందని రాశాడు. మబ్బు పట్టిన రోజు సాయంత్రమే జాగ్రత్త పడమన్నాడు. డీఓను నాలుగు పీపీఎం కిందికి పోనివ్వొద్దని, రొయ్యలు పైకి తేలుతుంటే మొదట మేత ఆపమని, పెద్ద వాన పడితే నీళ్లలో ఉప్పు శాతం చూసుకోమని రాశాడు. వైట్ స్పాట్ రోగానికి మందు లేదని కూడా రాశాడు, మందులమ్మే మనిషి! సీడు దగ్గరే పీసీఆర్ చేయించుకోండి, వచ్చాక నా దగ్గరికొచ్చి డబ్బు తగలెయ్యకండి అని రాశాడు. ఏ మందుల షాపువాడు రాస్తాడండీ ఆ మాట?

ఆ ఆరు పేజీలు ఆరు వెబ్ పేజీలై ఉంటే, ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ, ఒక్కో టైటిలు, తెలుగులో ఉంటే చాలు, గ్యారంటీలు అక్కర్లేకపోయేది. కుర్రాడు ఏం చేశాడు? డీటీపీ సెంటర్లో అను ఫాంటులో కొట్టించాడు. అది ఫోన్లూ సైట్లూ చదవగలిగే యూనికోడు కాదు, సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వచ్చాయి. "తెలుగు సపోర్టు చెయ్యదు సార్" అని తేల్చాడు. తెలుగు సపోర్టు చెయ్యదట! వాడు వాళ్లమ్మకు వాట్సాప్‌లో పెట్టే మెసేజి ఏ భాషలో ఉందో అడగండి. చివరికి ఆ ఆరు కాగితాల్నీ ఫోటోలు తీసి, గ్యాలరీలో తపాలా బిళ్లంత చేసి అతికించాడు. ముఖ్యమైన మాటల్ని బొమ్మల్లో పెట్టొద్దు, అక్షరాలుగానే ఉంచండని గూగుల్ మొత్తుకుంటుంది. గూగుల్ సంగతి సరే, మనిషి కూడా చదవలేడు ఆ బిళ్లల్ని. "అయినా తెలుగు ఎవరు చదువుతారు సార్, డిజైన్ పాడవుతుంది" అని ఇంకో మాట కూడా అన్నాడు.

ఎవరు చదువుతారా? అర్ధరాత్రి రెండింటికి కరెంటు పోయి, ఏరేటర్లు ఆగిపోయి, టార్చిలైటు వేస్తే గుంటంతా రొయ్యలు మీదికి తేలి కళ్లు మెరుస్తుంటే, అప్పు తెచ్చి వేసిన పంట గంటలో పోతుంటే, బురద వేళ్లతో ఫోను పట్టుకుని 'రొయ్యలు పైకి తేలాయి ఏం చెయ్యాలి' అని తెలుగులో అడిగేవాడు చదువుతాడు. వాడికి నువ్వు చూపించేది కోట్లు వేసుకున్న తెల్లవాళ్లనా? గిరగిరా తిరిగే 50 అవార్డులనా? ఆ బరువు బొమ్మలన్నీ గట్టు మీద సిగ్నలు అందని ఫోనులో తెరుచుకునేసరికి తెల్లారుతుంది. జవాబు ఉంది. మా బావ రాసిచ్చాడు. డబ్బులిచ్చి మరీ రాసిచ్చాడు. దాన్ని బొమ్మ చేసి పూడ్చిపెట్టి, పైన నిమ్మకాయ ముక్క పెట్టావు కదరా!

సరే. టెన్షన్ పడి లాభం లేదు.

మొన్న తెల్లారుజామున మూడింటికి బావకు ఫోనొచ్చింది. విడవలూరు వైపు రైతు, ముక్కూమొహం తెలియని మనిషి. బావ మంచం మీద లేచి కూర్చుని అరగంట మాట్లాడాడు. మేత ఆపించాడు, ఆక్సిజన్ బిళ్లలు చల్లించాడు, పక్క గుంట వాళ్ల జనరేటరు తెప్పించాడు. గండం గడిచాక అడిగాడు.

"నా నంబరు యాడ దొరికిందబ్బయ్యా?"

"మేత సంచి మీద స్కెచ్ పెన్నుతో రాసుండాది గదన్నా."

ఈ ముచ్చట బావ సంతోషం పట్టలేక ఆ కుర్రాడికి కూడా చెప్పాడు. నెలాఖరుకు రంగురంగుల రిపోర్టు వచ్చింది. ర్యాంకు: 1. వెబ్‌సైటు ద్వారా వచ్చిన లీడ్స్ (అంటే కొత్త బేరాలు): 1. కింద చిన్నక్షరాల్లో, రెండో పేజీ కావాలంటే ప్యాకేజీ వేరే అని ఉంది.